ఉప్పు బస్తా పడిన ఆదివారం

సీగా ఫాయ్ ఉద్యోగం టీవీ చూడటం. నగరం శివారు గెజవాయ్‌లో ఆమె వీధివాళ్ళు ఆ మాటకి నవ్వేవారు. పని చెయ్యకుండా జీతం పుచ్చుకోవడానికి ఇంతకన్నా మంచి సాకు దొరకలేదా అనేవారు. నిజానికి ఆమె చూసేది ఏమీ లేదు. దేశ రాజధాని డకార్‌లో టెలిఫోన్ కంపెనీ మేడ మీద, కిటికీలు లేని ఒక చల్లటి గదిలో, గోడ నిండా ఎనభై పైచిలుకు బొమ్మలు ఒకేసారి కదులుతుంటాయి. ఊళ్ళో ఇంటింటికీ టెలిఫోన్ తీగ మీద వెళ్ళే చానళ్ళన్నీ ముందు ఆ గోడని తాకి పోవలసిందే. ఏ బొమ్మ బిగుసుకుపోయింది, ఏది గళ్ళుగా చిట్లుతోంది, దేనికి గొంతు పోయింది, ఇదీ ఆమె కనిపెట్టవలసింది. వంటల కార్యక్రమంలో పొయ్యి మీద ఉన్నదేమిటో ఆమెకి తెలియదు. వార్తల్లో పోయినవాళ్ళెవరో తెలియదు. ముఖాల అంచులు తేటగా ఉన్నాయా, పెదాలకీ మాటకీ పొంతన కుదిరిందా, అంతవరకే.

మొదట్లో అది ఉద్యోగానికే పరిమితం. ఏళ్ళు గడిచేకొద్దీ ఒంటికి పట్టేసింది. బంధువుల పెళ్ళిలో పెళ్ళికూతురు తల్లిని పట్టుకుని ఏడుస్తుంటే, వెనక దీపం ఆ పిల్ల చెంపని తెల్లగా మాడ్చేస్తోందని తోచింది. తండ్రి పోయినప్పుడు కూడా అంతే. ఇమాం ప్రార్థన చదువుతున్నంతసేపూ మైకులో గుర్రుమంటున్న చప్పుడు మీదే ఆమె ధ్యాస. తనలో లోపం ఉందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. అలసట అనుకుంది.

అదే గదిలో అవతలి బల్ల లాండింగ్ దియాట్టాది. అతను దక్షిణాది జోలా మనిషి, ఆమె సెరేర్. ఆ రెండు తెగల మధ్యా తాతలనాటి మేనరికపు వేళాకోళం ఉంది. ఎదురుపడినప్పుడు ఒకరినొకరు బానిస అనుకోకపోతే మర్యాద తప్పినట్టే.

"ఏమే నా బానిసా, రాజుగారు వచ్చారు, లేచి నిలబడవేం?" అంటూ వచ్చేవాడు పొద్దున్నే.

"రాజుగారి చొక్కా గుండీ ఊడింది. ముందు అది కుట్టించుకు రమ్మను" అనేది సీగా, గోడ మీంచి చూపు తిప్పకుండానే.

లాండింగ్ కనిపెట్టుకుని ఉండేది అవే చానళ్ళని ఫోన్లో చూపించే కంపెనీ యాప్‌ని. అతని ఎదుట బొమ్మలుండవు. ఎంతమంది ఏం అడుగుతున్నారో, ఎవరికెంత ఆలస్యంగా అందుతోందో చెప్పే గీతలు లేస్తూ పడుతూ ఉంటాయి. కొత్తగా చేరినవాళ్ళకి తేడా చెప్పాల్సివస్తే భోజనం లెక్కన చెప్పేవాడు. సీగాది ఇంట్లో మధ్యాహ్నం తిండి. చేపల అన్నం పళ్ళెం ఒక్కటే, చుట్టూ ఎందరు కూర్చున్నా వండేది ఒక్కసారే, వేళకి రానివాడికి లేదు. వంటింట్లోంచి పళ్ళెం వచ్చే దారి కూడా ఇంటివాళ్ళదే, పరాయివాడు అడ్డం రాడు. తనది వీధి చివర టీ బడ్డీ. ఎవడికి వాడు వచ్చి అడగాలి, ఎవడి గుడ్డు వాడికి విడిగా వేయించి ఇవ్వాలి. రోడ్డు అందరిదీ కాబట్టి రద్దీ ఉంటే ఆలస్యం తప్పదు. కానీ ఎప్పుడొచ్చినా దొరుకుతుంది, అడిగినన్నిసార్లూ దొరుకుతుంది. సీగా ఆ పోలికకి ఊఁ కొట్టేదీ కాదు, కాదనేదీ కాదు.

సీగా అన్న లాతీర్ మల్లుడు. కుర్రతనంలో సొంతూరు ఫాటిక్‌లో ఉప్పు మడుల్లో బస్తాలు మోసి బలిసిన మెడ అతనిది. కుస్తీ బరిలో జనం అతన్ని ఉప్పు బస్తా అనే పిలిచేవారు. పల్లెల్లో కోతలయ్యాక జరిగే పందాల్లో ఎద్దులూ బియ్యం మూటలూ గెలిచి తెచ్చేవాడు. చెల్లెలు చదువుకున్నది ఆ ఎద్దుల మీదే. డకార్ వచ్చాక పేరు పెరిగింది గానీ పెద్ద పందెం చేతికందలేదు. అది ఆ ఏడు అందింది. ఎదుటివాడు తియరోయ్ పేటవాడు, సుత్తి అని పేరు. వాణ్ణి పడగొడితే ఇక లాతీర్‌ని దేశంలో పెద్ద మల్లుల వరసలో చెప్పుకుంటారు.

కొడుకు కుస్తీ ఉన్న రోజు తల్లి నిలాన్ ఇంట్లో టీవీ పెట్టనివ్వదు. లోపలి గదిలో తలుపు వేసుకుని జపమాల తిప్పుతూ కూర్చుంటుంది. కోడలు యాండె గుమ్మంలో కాపలా. వీధి అరుపుని బట్టే ఫలితం తెలుసుకునేవారు ఇద్దరూ. సీగాని సెలవు పెట్టుకోమని పై అధికారిణి మేడం కేన్ తనంతట తనే చెప్పింది. సీగా అక్కర్లేదంది. బరి దగ్గరైతే చూడటానికి అతనొక్కడే. గోడ మీదైతే అన్న ఎనభై గళ్ళల్లో ఒక గడి.

ఆ ఆదివారం మధ్యాహ్నం నుంచీ తంతు సాగింది. డప్పులు, పాటగత్తెలు, చిన్న మల్లుల పట్లు. లాతీర్ మొలకీ జబ్బలకీ తాయెత్తులతో బరిలోకి వచ్చాడు. వెంటవాళ్ళు సీసాల్లో మంత్రజలం అతని నెత్తిన కుమ్మరించారు, ఒకాయన పాలు పోశాడు. ఎండలో ఆ పాల తెలుపు బొమ్మలో కాస్త మెరిసింది. సీగా దాన్ని గమనించి, ఫరవాలేదనుకుంది.

పొద్దు వాలుతుండగా ఇద్దరూ ఎదురెదురు నిలబడ్డారు. మధ్యవర్తి ఈల నోట్లో పెట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే సీగా బల్ల మీద ఎర్ర దీపం వెలిగింది. గెజవాయ్‌లో బొమ్మ చిట్లుతోంది. ఆ పేటకి చానళ్ళు పంచే యంత్రం మొరాయించింది. తమ వీధితో సహా అక్కడి ఇళ్ళన్నిట్లో ఇప్పుడు కనపడేవి గళ్ళే.

"నువ్వు అన్నని చూసుకో, నేను ఫోన్ చేసి చెబుతా వాళ్ళకి" అన్నాడు లాండింగ్.

"ఇది నా వైపు" అంది సీగా.

తల వంచి పనిలో పడింది. ఆ పేట చానళ్ళని రెండో దారికి మళ్ళించాలి. చేతులకి అలవాటైన పనే. ఒక్కొక్కటే మళ్ళించింది. ఎరుపు పోయి పచ్చ వచ్చింది. గెజవాయ్‌కి బొమ్మ అందింది. అప్పుడు తలెత్తింది.

గోడ మీద లాతీర్ ఇసుకలో పక్కకి తిరిగి పడి ఉన్నాడు. ఒక చెయ్యి ఒంటికింద ఉంది. సుత్తి అనేవాడు రెండు చేతులూ పైకెత్తి ఎగిరి, వెనక్కి తిరిగి చూసి, ఎగరడం మానేశాడు. డప్పులు ఇంకా మోగుతున్నాయి. బొమ్మ తేటగా ఉంది. శబ్దం సరిగా ఉంది.

లాండింగ్ బల్ల మీద పరీక్ష కోసం పెట్టుకున్న ఫోన్ ఒకటి ఎప్పుడూ యాప్ ఆడిస్తూ ఉంటుంది. సీగా చూపు అటు పోయింది. యాప్‌లో అన్నీ అర నిమిషం వెనక. అందులో లాతీర్ ఇంకా నిలబడే ఉన్నాడు. మోకాళ్ళు వంచి, చేతులు ఊపుతూ, ఎదుటివాడి పట్టు కోసం చూస్తున్నాడు. పాల చారలు ఇంకా వీపు మీద ఉన్నాయి. సీగా అలా చూస్తూ ఉండిపోయింది. లాండింగ్ ఆమెని చూశాడు, గోడని చూశాడు, చెయ్యి చాచి ఫోన్ బోర్లించాడు.

దాని శబ్దం ఆపడం మరిచిపోయాడు. కాసేపటికి బల్ల చెక్క మీద నుంచి, బోర్లించిన ఫోన్లోంచి, జనం అరుపు వచ్చింది.

మేడం కేన్ వచ్చి కింద కారు ఉంది, వెళ్ళమ్మా అంది. క్రీడల చానల్లో వ్యాఖ్యాత గొంతు తగ్గింది, కాస్త పెంచాలి అంది సీగా. పెంచింది. తర్వాత లేచింది.

మెడలో ఎముకలు విరిగాయి. ప్రాణానికి భయం లేదని ఆసుపత్రిలో చెప్పారు. మెడ కిందికి మాత్రం కబురు పోవడం లేదట, ఇక పోతుందన్న ఆశ పెట్టుకోవద్దట. లాతీర్‌కి తెలివొచ్చాక తల్లి అతని అరికాలు గిల్లింది. తెలియలేదు. రెండో కాలు గిల్లింది. తన చేతులు దుప్పటి మీద ఉంటే వాటిని పక్కింటివాళ్ళ సామాను చూసినట్టు చూశాడు లాతీర్. యాండె గోడకి తల ఆనించి ఏడ్చింది. తల్లి కూడా ఏడ్చింది. సీగాకి రాలేదు. సెలైన్ సీసాలో బొట్లు సమంగా పడుతున్నాయా లేదా అని చూస్తూ నిలబడింది.

ఓదార్చడానికి వచ్చిన పక్కవీధి పిన్ని ఒకావిడ ఆమె చెయ్యి పట్టుకుని, ఆ రోజు సంగతి చెప్పుకొచ్చింది. సరిగ్గా పట్టు పట్టే వేళకి బొమ్మ గళ్ళు గళ్ళయిపోయిందట. ఇక చూడలేమనుకున్నారట. దేవుడి దయవల్ల వెంటనే వచ్చేసిందట. ఆవిడ మాటలో ఎత్తిపొడుపేమీ లేదు. అవును, వచ్చింది అంది సీగా.

ఆమె మళ్ళీ పనిలోకి వెళ్ళింది. గోడ మీద ఆ ఆదివారం తాలూకు ఆనవాలేమీ లేదు. బరి చూపించిన చానల్లో ఇప్పుడు పడవల పందెం. వెళ్ళినది వెళ్ళిపోయింది. లాండింగ్ వైపు అలా కాదు. లాతీర్ పడటం వరకూ కత్తిరించిన చిన్న ముక్క ఒకటి అతని గీతల్లో అన్నిటికన్నా పైకి లేచింది. రోజులు గడిచినా దిగలేదు. కంపెనీ యాప్‌లోనే కాదు, ఎక్కడపడితే అక్కడ అదే. ఒకడు దాన్ని నెమ్మదిగా నడిపించాడు. ఒకడు పాట కలిపాడు. ఒకడు ఉప్పు బస్తా పడ్డప్పుడు నిజంగా ఉప్పు చిందినట్టు బొమ్మ గీసి పెట్టాడు. వీధి కుళాయి దగ్గర, బస్సుల్లో, మంగలి షాపులో, ఎవడి చేతిలో ఫోన్ ఉంటే వాడి చేతిలో లాతీర్ పడుతున్నాడు.

యాండె దాన్ని చేపల బజారులో చూసింది. ఇంటికొచ్చి అత్తగారితో చెప్పింది. ఆ సాయంత్రం నిలాన్ కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుంది.

"నువ్వు అక్కడే పనిచేస్తావు కదే. ఆ బొమ్మ ఆపించు."

తన వైపు వచ్చినది ఆ రోజే అయిపోయిందని సీగా చెప్పింది. అందరికీ ఒక్కసారే వెళ్ళింది, ఆగిపోయింది, ఇక ఎవరూ తేలేరు. ఇప్పుడు జనం చూస్తున్నది వేరే. అది ఎవరూ పంపడం లేదు, ఎవరికి వాళ్ళు అడిగి తెప్పించుకుంటున్నారు. ఆపడానికి మీట అంటూ ఒక చోట లేదు. వేలు పెట్టిన ప్రతివాడి దగ్గరా మళ్ళీ మొదలవుతుంది.

నిలాన్ విన్నది. జపమాల వేళ్ళ మధ్య నిలిచింది.

"అంటే వాడింకా పడుతూనే ఉన్నాడా?"

మర్నాడు సీగా మేడం కేన్ దగ్గరికి వెళ్ళి, కంపెనీ యాప్‌లోంచి ఆ ముక్క తీసేయమని అడిగింది. ఏడేళ్ళలో ఆమె ఆ గదిలో తన కోసం ఏదైనా అడగడం అదే మొదలు. మేడం మారుమాట లేకుండా ఒప్పుకుంది. లాండింగ్ దాన్ని తీసేసి, కుర్చీ ఇటు తిప్పాడు. ఆ రోజు బానిసా అనలేదు.

"మా బడ్డీ కట్టేశాను సీగా. ఊరినిండా బడ్డీలే" అన్నాడు.

లాతీర్‌కి ఫోన్ అందకుండా యాండె కట్టుదిట్టం చేసింది. అందినా అతను పట్టుకోలేడు. చూడవచ్చినవాళ్ళు గదిలోకి వచ్చే ముందే ఫోన్లు సంచుల్లో వేసుకోవాలి. అయినా వాళ్ళు ఆ ముక్క చూసే వచ్చారన్న సంగతి వాళ్ళ కళ్ళల్లోనే లాతీర్‌కి తెలిసిపోయేది. ఒక మధ్యాహ్నం యాండె ఆసుపత్రి కుళాయి దగ్గర బట్టలు ఉతకడానికి వెళ్ళింది. సీగా అన్నకి చేపల అన్నం ముద్దలు చేసి, ముల్లు లేకుండా చూసి, నోట్లో పెడుతోంది. నాలుగు ముద్దలు తిని అతను చాలన్నాడు.

"నువ్వు ఆ రోజు గోడ ముందే ఉన్నావు కదే. ఎలా పడ్డాను?"

"బొమ్మ తేటగానే ఉందన్నయ్యా."

ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. లాతీర్ పైకప్పు కేసి చూసి నవ్వాడు. నవ్వు మెడ వరకే వచ్చి ఆగింది.

"బొమ్మ సంగతి కాదే పిచ్చిదానా, నా సంగతి."

సీగా చెయ్యి కడుక్కుని వచ్చింది. తువ్వాలుతో తుడుచుకుంది. అప్పుడు చెప్పింది, తను చూడలేదని. మన పేటకి బొమ్మ పోతే బాగుచేస్తూ ఉన్నానని, తలెత్తేసరికి అంతా అయిపోయిందని. అవతలి ఫోన్లో నువ్వింకా నిలబడే ఉన్నావు, అందులో పడటం కూడా చూడలేదు అంది.

లాతీర్ పైకప్పు మీంచి చూపు ఆమె వైపు తిప్పాడు.

"నాకూ గుర్తులేదు. ఈల ఊదాడు, అంతే. ఊరంతా చూసింది. పడ్డవాడికీ వాడి చెల్లెలికీ తప్ప అందరికీ తెలుసు. ఇదెక్కడి న్యాయం? ఫోన్ తియ్యి."

ఆమె వద్దనలేదు. పాటలున్నవి వదిలేసి, నెమ్మదిగా నడిపినవి వదిలేసి, జనంలోంచి ఎవరో మామూలుగా తీసిన దాన్ని వెతికింది. మంచం అంచున కూర్చుని ఫోన్‌ని అన్న ముఖానికి పైన ఎత్తి పట్టుకుంది. తనూ తల వాల్చి చూసింది. ఈల, డప్పులు, రెండు ఒళ్ళు కలుసుకోవడం, ఇసుక. ఇట్టే అయిపోయింది.

"మళ్ళీ" అన్నాడు లాతీర్.

మళ్ళీ వేసింది. తీసినవాడి చెయ్యి వణికిందని, పొద్దు ఎదురుగా ఉందని ఆమెకి కనిపించింది. మరేమీ కనపడలేదు.

"మళ్ళీ. అక్కడ ఆపు. కాస్త వెనక్కి. ఆఁ, చూశావా ఆ ఎడమకాలు? వాడు లాక్కున్నది కాదది. నేనే ఇచ్చాను. కాలు ఎరవేసి, నడుం పట్టుకుని లేపేద్దామని. చిన్నప్పుడు మన ఊళ్ళో సోంబెల్ గాణ్ణి అలాగే పడేశాను." పిల్లలకి పట్లు నేర్పుతున్నట్టే ఉంది అతని గొంతు. "వాడు మంచి మల్లుడే. నా ఎత్తు కనిపెట్టేశాడు. మళ్ళీ వెయ్యి."

ఆసుపత్రిలో నెట్ అంతంతమాత్రం. ఆసారి మధ్యలో బొమ్మ ఆగిపోయి, నడుమ చిన్న చక్రం తిరగడం మొదలైంది. లాతీర్ రెండు కాళ్ళూ నేల మీద లేవు. సుత్తి భుజం మీదుగా అతని ఒళ్ళు గాలిలో ఉంది. సీగా గోడ మీద బొమ్మ బిగుసుకున్నా ఇలా ఆగదు. అక్కడ ఏ ముక్కైనా అందకపోతే బొమ్మ అక్కడికక్కడ చిట్లి ముందుకు పోతుందే తప్ప వెనుదిరిగి చూడదు. ఇది అలా కాదు, అందని ముక్క కోసం కాచుకుని కూర్చుంది. మళ్ళీ మొదట్నుంచి వేద్దామని ఆమె వేలు కదిపింది.

"ఉండనీ" అన్నాడు లాతీర్.

ఇద్దరూ చూస్తూ ఉన్నారు. గాలిలో ఉన్న ఆ మనిషి నోరు కొద్దిగా తెరిచి ఉంది. భయం లేదు ముఖంలో. ఏదో లెక్క తప్పిందే అని ఆశ్చర్యపోతున్నట్టుంది. ఫాటిక్‌లో ఏటి ఒడ్డున, లోతు తెలియక దూకేసి, దూకాక తెలుసుకున్నప్పటి ముఖం అది. సీగా గుర్తుపట్టింది. అప్పుడు తను ఒడ్డున అతని బట్టలు పట్టుకుని నిలబడింది. ఏడుపు రాలేదు ఇప్పుడు కూడా. ఎత్తిన చెయ్యి నొప్పి పుట్టింది. రెండో చెయ్యి ఆసరా పెట్టుకుంది గానీ దించలేదు.

ముక్క అందింది. లాతీర్ పడ్డాడు. జనం అరిచారు.

"చాలు" అన్నాడు అతను.

యాండె తడిబట్టల బకెట్టుతో గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. బకెట్టు దించి, వచ్చి, సీగా చేతిలో ఫోన్ తీసి గూట్లో పెట్టి, మొగుడి గడ్డం మీద అంటుకున్న మెతుకు తుడిచింది.

వానలు వెనకపట్టాక లాతీర్‌ని ఫాటిక్ తీసుకుపోదామని నిశ్చయించారు. డకార్‌లో మేడమెట్ల ఇల్లు అతనికి కుదరదు. ఫాటిక్‌లో మేనమామ వాకిట్లో పెద్ద గది ఉంది, చెయ్యి సాయానికి మనుషులున్నారు. పట్లు నేర్పమని అప్పుడే ఇద్దరు కుర్రాళ్ళు కబురు పంపారట. నోటితో నేర్పుతానన్నాడు లాతీర్. సీట్లు పీకేసిన ఒక వ్యాను మాట్లాడి, నేల మీద పరుపు వేసి, అతన్ని పడుకోబెట్టారు. తల దగ్గర తల్లి, కాళ్ళ దగ్గర యాండె. సీగా సెలవు అడిగి పక్కన కూర్చుంది. గోడ ఎవరు చూస్తారని మేడం కేన్ అడగలేదు. ఇప్పుడు చిట్లిన బొమ్మని కనిపెట్టే యంత్రాలొచ్చాయి, మనిషి చూపుతో పెద్దగా పని లేదు. వచ్చే నెల నుంచి సీగాని వినియోగదారుల ఫోన్లకి జవాబు చెప్పే బల్లకి మారుస్తారని అనుకుంటున్నారు. 

దారిలో ఎంబూర్ ఊరు దాటాక వ్యాను ఆపారు. రోడ్డు పక్కన ఒక ఆడమనిషి ఐస్ డబ్బాలో గోంగూర కాయల ఎర్ర షర్బత్ పొట్లాలు పెట్టుకుని అమ్ముతోంది. లాతీర్ తాగుతానన్నాడు. సీగా పొట్లం మూల కొరికి అతని పెదాల దగ్గర పెట్టింది. తెరిచిన తలుపులోంచి ఆ అమ్మే మనిషి లోపలికి తొంగి చూసి, మెడ చూసింది, ముఖం చూసింది, ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఉప్పు బస్తావి నువ్వే కదూ, అన్నా?"

"నేనేనమ్మా."

ఆవిడ ఇంకో రెండు పొట్లాలు తీసి యాండె ఒళ్ళో పెట్టింది, డబ్బులొద్దని చెయ్యూపింది. అంతలోనే నడుం గుడ్డ మడతలోంచి ఫోన్ తీసింది. తీసి, తప్పేమోనన్నట్టు ఆగి, ఒక బొమ్మ తీసుకోనా అని అడిగింది. ఇంటికెళ్ళి చెబితే ఎవరూ నమ్మరట. యాండె ముఖం ముడుచుకుంది. సీగా తలుపు మూయబోయింది.

"తియ్యనీవే" అన్నాడు లాతీర్, పెదాల మీది ఎరుపు నాలుకతో నాక్కుంటూ. "ఇందులో పడను కదా."

ఆవిడ తీసుకుంది. నిలాన్ కొడుకు నుదుటి మీద జుట్టు సర్దింది. మిగిలిన షర్బత్ వేడెక్కకముందే పట్టమని సీగాకి పురమాయించింది. వ్యాను బయలుదేరింది. గతుకుల్లో ఒలకకుండా పొట్లాన్ని రెండు చేతులా పట్టుకుని, సీగా అన్న మింగేదాకా ఆగి, మళ్ళీ పట్టింది.